ఇంటేక్ పైపులో ఇంజన్ ఆయిల్ కనిపించిందా? హాఫ్ ఇంజన్‌కి ఒప్పుకునే ముందు ఇవి చూసుకోండి

ఎయిర్ ఫిల్టర్ మార్చుదామని ఇంజన్‌కి గాలి వెళ్లే పైపు (ఇంటేక్ పైపు) విప్పితే లోపలంతా ఆయిల్ జిడ్డు. మెకానిక్ ఆయిల్ క్యాప్ తీసి, అక్కడి నుంచి వచ్చే ఆవిరి చూపించి, "బ్యాక్ కంప్రెషన్ వచ్చేసిందండి, రింగులు పోయాయి, హాఫ్ ఇంజన్ చేయించేయాలి" అంటాడు. అంటే ఇంజన్ విప్పి పిస్టన్లు, రింగులు మార్చే పెద్ద పని. ఇప్పుడేం చేయాలి? అమలాపురం నుంచి, పాలకొల్లు నుంచి, భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద తిరిగే బండ్లవాళ్ల నుంచి ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి మొత్తం ఒక్కచోట రాసేస్తున్నాను.

నా మాట ముందే చెప్తున్నా. పైపులో ఆయిల్ కనిపించినంత మాత్రాన రింగులు పోయినట్టు కాదు. ఆయిల్ ఎక్కువ పోసినా, ఎయిర్ ఫిల్టర్ పూడిపోయినా, బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గ్యాసు బయటికి వచ్చే గొట్టం) మూసుకున్నా, పీసీవీ వాల్వ్ (ఆ గ్యాసును కొలతగా వదిలే చిన్న వాల్వ్) పాడైనా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. ఈ నాలుగూ చూశాకే ఇంజన్ మీద అనుమానం పెట్టుకోవాలి. చూడటానికి ఒక ఆదివారం పూట చాలు, హాఫ్ ఇంజన్ చేయిస్తే ఎకరం దాళ్వా (రెండో పంట వరి) మీద మిగిలేదంతా అందులోకే పోతుంది.

అసలు ఆ ఆయిల్ అక్కడికి ఎలా వస్తుంది

కొద్దిగా చెప్తాను, అంతకంటే అక్కర్లేదు. ఇంజన్ ఎంత కొత్తదైనా, మండిన గ్యాసులో కొంత పిస్టన్ రింగుల పక్క నుంచి జారి కింద క్రాంక్‌కేస్‌లోకి (ఇంజన్ అడుగుభాగంలోకి) దిగుతుంది. ఇది మితిమీరితేనే మెకానిక్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. అక్కడ ఆయిల్ తుంపర, నీటి ఆవిరి, కాలని ఇంధనం దానితో కలుస్తాయి. దానికి దారి ఇవ్వకపోతే లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్లు తన్నేస్తాయి. పాతకాలం కార్లలో ఒక గొట్టం పెట్టి రోడ్డు మీదికే వదిలేసేవారు. కాలిఫోర్నియాలో గాలి కాలుష్యం ముదిరాక, అక్కడ 1961 మోడల్ కార్ల నుంచి ఆ గ్యాసును తిరిగి ఇంజన్‌లోకే పంపించి కాల్చేయడం మొదలైంది, ఇప్పుడు ఏ కారులోనైనా పద్ధతి అదే.

పెట్రోల్ బండిలో మామూలుగా రెండు పైపులుంటాయి. ఒకటి పీసీవీ వాల్వ్ గుండా ఇంటేక్ మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల్లోకి) గ్యాసును లాగుతుంది, రెండోది ఎయిర్ ఫిల్టర్ వైపు నుంచి మంచి గాలి తెస్తుంది. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఫ్యాను లాంటిది) ఉన్న డీజిల్‌లో ఎక్కువగా ఒకటే లావు పైపు, ఆయిల్ సెపరేటర్ (గ్యాసులోంచి ఆయిల్‌ని వేరు చేసేది) దాటి వచ్చి టర్బోకి ముందున్న గాలి పైపులో కలుస్తుంది. అందుకే డీజిల్ బండి టర్బో పైపుల్లో పల్చటి ఆయిల్ పొర ఉండటం మామూలే. చెయ్యి పెడితే వేళ్లకి జిడ్డు అంటితే కంగారు పడక్కర్లేదు. పైపు వంచితే ధారగా కారితే మాత్రం వెతకాలి.

మన ప్రాంతంలో ఈ సమస్య ఎక్కువ కనిపించడానికి కారణాలున్నాయి. గాల్లో తేమ ఎక్కువ. తిరిగేది ఇంటి నుంచి సంతకి, సంత నుంచి ఇంటికి. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాం, నీటి ఆవిరి బయటికి పోక ఆయిల్‌లోనే ఉండిపోతుంది. చెరువు గట్ల మీద గంటల తరబడి ఫస్టు, సెకండు గేర్లలోనే పోతాం. సార్వా (మొదటి పంట) కోతలకి, దాళ్వా కోతలకి రోడ్డు పక్కన నూర్పిళ్ల దుమ్ము, పొట్టు అంతా ఎయిర్ ఫిల్టర్‌కి చేరుతుంది. ఇక ఎలుకల సంగతి కింద చెప్తాను.

కావాల్సినవి

- స్టార్ స్క్రూడ్రైవర్, మైనస్ స్క్రూడ్రైవర్, కటింగ్ ప్లేయర్, 8, 10 నంబర్ బాక్స్ స్పానర్లు
- టార్చి లైటు, రబ్బరు గ్లౌజులు, నూలు రాలని శుభ్రమైన పాత గుడ్డలు, తెల్ల టిష్యూ కాగితాలు
- త్రాటిల్ బాడీ (ఇంజన్‌లోకి పోయే గాలిని రెక్కతో అదుపు చేసే భాగం) క్లీనర్ స్ప్రే (పెట్రోల్ బండికి)
- బట్టల సబ్బు పొడి, గోరువెచ్చని నీళ్లు, సీసాలు కడిగే సన్నటి బ్రష్
- కొత్త ఎయిర్ ఫిల్టర్, రెండు మూడు కొత్త క్లాంపులు
- పీసీవీ వాల్వ్ విడిగా దొరికే బండి అయితే కొత్తది ఒకటి. చాలా మామూలు పెట్రోల్ కార్లకి ఇది కొన్ని వందల్లోనే వస్తుంది. కొన్ని కొత్త ఇంజన్లలో వాల్వ్ టాపెట్ కవర్‌తో (ఇంజన్ పై మూతతో) కలిసే ఉంటుంది, దాన్ని విడిగా మార్చలేరు, కవర్ మొత్తం కొనాలి. షాపుకి వెళ్లేటప్పుడు ఆర్సీ వెంట పెట్టుకోండి, ఛాసిస్ నంబర్ చెప్తేనే సరైన పార్టు వస్తుంది.

మొదలుపెట్టే ముందు భుజం మీది కండువా, మెడలో చున్నీ, చేతికి వేలాడే దారాలు తీసి పక్కన పెట్టండి. ఇంజన్ నడుస్తుండగా చేసే పరీక్షలు కొన్ని ఉన్నాయి, బెల్టు దగ్గర చెయ్యి పెట్టకండి. రేడియేటర్ ఫ్యాను ఇంజన్ ఆపాక కూడా దానంతట అదే తిరగొచ్చు.

1. ముందు ఆయిల్ లెవెల్ చూడండి

బండి సమంగా ఉన్న నేల మీద పెట్టి, ఇంజన్ వేడెక్కాక ఆపి, పది నిమిషాలు ఆగండి. ఆయిల్ కొలిచే గేజ్ రాడ్ (డిప్‌స్టిక్) తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి తీసి చూడండి. కింది గీతకి, పై గీతకి మధ్య ఉండాలి.

పై గీత దాటి ఉంటే చాలా సార్లు మీ సమస్య ఇక్కడే దొరికినట్టు. సర్వీసులో ఫిల్టర్ మార్చకుండా ఆయిల్ మాత్రం పూర్తి కొలత పోసినా, పాత ఆయిల్ సరిగ్గా కారనివ్వకుండా కొత్తది పోసినా లెవెల్ పెరుగుతుంది. క్రాంక్ తిరుగుతూ ఆ ఆయిల్‌ను చిలికేస్తే తుంపర ఎక్కువై, అదంతా బ్రీదర్ గుండా ఇంటేక్‌లోకి పోతుంది. ఎక్కువైనది కింద డ్రెయిన్ బోల్టు విప్పి కానీ, గేజ్ గొట్టంలోకి సన్నటి పైపు దింపి లాగి కానీ తీసేయండి. చాలా కార్లలో రెండు గీతల మధ్య తేడా దాదాపు ఒక లీటరు ఉంటుంది, దాన్ని బట్టి ఎంత తీయాలో అంచనా వేసుకోవచ్చు.

బీఎస్6 డీజిల్ బండి ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. ఎవరూ పోయకుండానే లెవెల్ పెరుగుతుంటే, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తనను తాను శుభ్రం చేసుకునే క్రమంలో డీజిల్ ఆయిల్‌లోకి దిగుతోందని అర్థం. పొట్టి ప్రయాణాల్లో ఆ పని మధ్యలో ఆగిపోయి ఇలా జరుగుతుంది. రాడ్‌ని వాసన చూస్తే డీజిల్ వాసన వస్తుంది, ఆయిల్ పల్చగా జారిపోతుంది. అలాంటప్పుడు కొంచెం తీసేసి ఊరుకోకండి, ఆయిల్ మొత్తం మార్చేయాలి.

రాడ్ మీద ఆయిల్ కాఫీ రంగుకి తిరిగి నురగగా ఉంటే, ముఖ్యంగా వరద నీళ్లలో బండి పోయాక అలా కనిపిస్తే, స్టార్ట్ చేయకండి. నీళ్లు లోపలికి పోయాయి. ఇక్కడితో ఆపి బండిని టో చేయించుకోండి.

2. ఎయిర్ ఫిల్టర్ బాక్స్ విప్పండి

ఫిల్టర్ పూడిపోతే ఇంజన్‌కి కావాల్సిన గాలి అటు నుంచి రాదు, దాంతో పైపులో పీలుడు పెరుగుతుంది. బ్రీదర్ కూడా అదే పైపులో కలుస్తుంది కాబట్టి అక్కడి నుంచి ఆయిల్ తుంపరని ఎక్కువగా లాక్కుంటుంది. కోతల నెలల్లో తిరిగే బండికి పుస్తకంలో రాసిన కిలోమీటర్లు ఆగక్కర్లేదు, కోతలు అయిపోగానే తీసి చూడండి. టార్చి లైటు ఒకవైపు పెట్టి రెండోవైపు నుంచి చూస్తే మడతల్లోంచి వెలుగు రావాలి. గాలి కొట్టి దులిపి మళ్లీ పెట్టడం నాకు ఇష్టం ఉండదు, ఎక్కువ ప్రెషర్‌తో కొడితే కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడతాయి, ఆ దుమ్ము నేరుగా పోయి నిజంగానే రింగులు తినేస్తుంది.

ఇప్పుడు ఎలుకలు. చేలల్లో కోతలు అయ్యాక ఎలుకలు ఇళ్ల మీద పడతాయి, రాత్రి వెచ్చగా ఉన్న బానెట్ కింద దూరతాయి. ఫిల్టర్ కిందివైపు మూలల్లో ధాన్యం పొట్టు కుప్ప, ఎలుక పెంటికలు, నల్లటి రబ్బరు తునకలు కనిపిస్తే బ్రీదర్ పైపు కొరికిందేమో వేళ్లతో తడుముతూ చివరంటా వెతకండి. పైపు కింది వైపు కొరుకుతాయి, పై నుంచి చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది.

3. బ్రీదర్ పైపులు తీసి చూడండి

ఇంజన్ పూర్తిగా చల్లారాక చేయండి. ఫోన్‌తో రెండు మూడు వైపుల నుంచి ఫొటోలు తీసుకుని, ఏ పైపు ఎటువైపుదో మార్కర్‌తో గీత పెట్టుకుని అప్పుడు విప్పండి. క్లిప్పు వెనక్కి జరిపి, పైపుని పట్టుకుని ముందు అటూ ఇటూ తిప్పండి, కదిలాక లాగండి. ఏళ్ల తరబడి వేడికి ప్లాస్టిక్ ముక్కులు పెళుసుబారి ఉంటాయి, ఒకేసారి గుంజితే ముక్కు విరిగి చేతిలోకి వస్తుంది.

పైపులో ఇవి వెతకండి: వంచినప్పుడు మాత్రమే తెరుచుకునే పగుళ్లు, లోపలి పొర ఉబ్బి దారి మూసేయడం, నల్లటి మడ్డి గడ్డకట్టడం, లేదా తెల్లటి జిడ్డు. పైపులోనూ ఆయిల్ క్యాప్ కిందా వెన్నలా తెల్లగా పేరుకున్నది చూసి హెడ్ గ్యాస్కెట్ పోయిందని చాలామంది భయపడతారు. మన తేమకి, పొట్టి తిరుగుడుకి అది సహజంగానే పేరుకుంటుంది. తేల్చుకోవడం తేలిక: గేజ్ రాడ్ మీద ఆయిల్ మామూలు రంగులోనే ఉండి, కూలెంట్ లెవెల్ తగ్గకుండా ఉంటే అది తేమే. క్యాప్ తుడిచేసి, వారానికోసారైనా బండిని హైవే ఎక్కించి ముప్పావుగంట ఆగకుండా నడపండి. రావులపాలెం నుంచి తణుకు వెళ్లి వచ్చినా సరిపోతుంది. కూలెంట్ తగ్గుతుంటే మాత్రం అది వేరే కథ, గ్యాస్కెట్ చూపించాల్సిందే.

4. క్యాప్ పరీక్ష

పైపులన్నీ తిరిగి పెట్టి, ఇంజన్ వేడి చేసి, న్యూట్రల్‌లో ఐడిలింగ్‌లో ఉంచి ఆయిల్ క్యాప్ నెమ్మదిగా తీయండి. కొన్ని ఇంజన్లలో క్యాప్ కిందే చైను తిరుగుతుంది, వేడి ఆయిల్ చిమ్ముతుంది, ముందు గుడ్డ అడ్డం పెట్టుకోండి.

పెట్రోల్ అయితే: ఒక పల్చటి కాగితాన్ని ఆ రంధ్రం మీద పరవండి. కాగితం మెల్లగా లోపలికి అతుక్కోవాలి. క్యాప్ తీయగానే ఇంజన్ కొంచెం తడబడితే భయపడకండి, లోపల పీలుడు ఉందని, వ్యవస్థ పని చేస్తోందని అర్థం. కాగితం పైకి ఎగురుతుంటే దారి మూసుకుపోయి ఉండాలి, లేదా రింగుల నుంచి వచ్చే గ్యాసు మోయలేనంత ఉండాలి. దానికి భిన్నంగా, క్యాప్ ఊడి రానంత గట్టిగా పీల్చేస్తూ, ఈల లాంటి చప్పుడు వస్తూ, ఆ చప్పుడు క్యాప్ తీయగానే ఆగిపోతే వాల్వ్‌లోని రబ్బరు డయాఫ్రం చిరిగింది. టాపెట్ కవర్‌లో కలిసి ఉండే రకాల్లో ఇది ఎక్కువ.

డీజిల్ అయితే ఇంకోలా చదవాలి, ఎక్కువ పొరపాట్లు జరిగేది కూడా ఇక్కడే. డీజిల్ ఇంజన్‌లో ఐడిలింగ్‌లో మానిఫోల్డ్ పీలుడు పెద్దగా ఉండదు, పైగా కంప్రెషన్ ఎక్కువ, కాబట్టి రంధ్రం నుంచి కొద్దిగా ఆవిరి, పుకపుకమని గాలి రావడం మంచి ఇంజన్‌కీ ఉంటుంది. క్యాప్‌ని తిరగేసి రంధ్రం మీద ఊరికే పెట్టండి. అక్కడే ఉండి కొంచెం ఊగితే సరే. పెట్టిన ప్రతిసారీ ఎగిరి కింద పడుతుంటే అనుమానించాలి. అది కూడా అనుమానమే, తీర్పు కాదు. బ్రీదర్ పైపు తీసి పక్కన పెట్టి ఇంకోసారి అదే పరీక్ష చేయండి. పైపు తీయగానే క్యాప్ కుదురుగా ఉండిపోతే అడ్డం పైపులోనే ఉంది, రింగుల్లో లేదు.

5. పీసీవీ వాల్వ్ (పెట్రోల్)

వాల్వ్‌ని టాపెట్ కవర్ నుంచి లాగి, మానిఫోల్డ్ పైపుకి మాత్రం తగిలించి ఉంచి, ఇంజన్ ఐడిలింగ్‌లో ఉండగా దాని మూతి బొటనవేలితో మూయండి. వేలిని గట్టిగా పీల్చాలి, వాల్వ్ లోపల టక్కుమని కదలాలి. పీలుడే లేకపోతే పైపు కానీ వాల్వ్ కానీ పూడింది.

ఇంజన్ ఆపి, వాల్వ్ పూర్తిగా తీసి ఊపితే చాలా రకాల్లో లోపల గలగలమంటుంది. చప్పుడు లేకపోతే ఇరుక్కుపోయినట్టే అనుకోవచ్చు, కానీ కొన్ని రకాలకి అసలు చప్పుడే ఉండదు. అందుకని ఊది చూడటం మేలు: శుభ్రమైన చిన్న పైపు ముక్క తగిలించి ఇంజన్ వైపు నుంచి ఊదితే గాలి పోవాలి, మానిఫోల్డ్ వైపు నుంచి ఊదితే ఆగిపోవాలి. నోటితో పీల్చకండి, లోపల ఉన్నది మంచిది కాదు.

వాల్వ్ కడిగి వాడొచ్చా అని అడుగుతారు. అవసరానికి వాడొచ్చు, కానీ లోపలి స్ప్రింగ్ బలం తగ్గితే కడిగినా తిరిగిరాదు. విడిగా దొరికే బండి అయితే కొత్తది వేసేయండి. పాతది ముందే పడేయకండి, కొత్తదాన్ని పక్కన పెట్టి ఊది రెండూ పోల్చుకోండి.

6. టర్బో బండి అయితే: ఆయిల్ ఎక్కడ మొదలైందో చూడండి

నన్నడిగితే మొత్తం పనిలో ముఖ్యమైన చూపు ఇదే. పీసీవీ కారణమా, టర్బోనా అన్నది ఇక్కడ తేలుతుంది.

ఎయిర్ ఫిల్టర్ నుంచి టర్బోకి వచ్చే పైపు విప్పి, టార్చి వేసి టర్బో రెక్కల మీద చూడండి. బ్రీదర్ ఆ పైపులో ఎక్కడ కలుస్తుందో, ఆ చోటు నుంచి టర్బో వైపు తడిగా ఉండి, ఫిల్టర్ వైపు పొడిగా ఉంటే ఆయిల్ బ్రీదర్ నుంచి వస్తోంది. అలా కాకుండా టర్బో లోపలికి వెళ్లే వైపు మొత్తం పొడిగా ఉండి, ఇంటర్‌కూలర్‌కి (టర్బో పంపిన వేడి గాలిని చల్లార్చే రేడియేటర్ లాంటిదానికి) వెళ్లే వైపు పైపులో ఆయిల్ నిలిచి ఉంటే టర్బో సీల్ దగ్గర చూడాలి. అప్పుడు కూడా వెంటనే టర్బో కొనేయకండి. టర్బో నుంచి ఆయిల్ కిందికి దిగే రిటర్న్ పైపు మడ్డి పట్టినా, క్రాంక్‌కేస్‌లో ఒత్తిడి పెరిగినా మంచి టర్బో కూడా ఆయిల్ కక్కుతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రెక్కల మధ్య నట్టును వేళ్లతో పట్టుకుని కదపండి. పక్కలకి అతి కొద్దిగా కదలొచ్చు, రెక్కలు గోడకి తగలకూడదు, ముందుకీ వెనక్కీ ఆడకూడదు.

ఇంటర్‌కూలర్ కింది పైపు విప్పి పళ్లెం పెట్టండి. నాలుగైదు చెంచాలు వస్తే తుడిచి బిగించండి. టీ గ్లాసుడు వస్తే కారణం దొరికేదాకా ఆ బండిని గట్టిగా తోలకండి. ఎందుకంటే డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా తాగి, యాక్సిలరేటర్ వదిలేసినా రేజింగ్ పెరిగిపోయే ప్రమాదం ఉంది. కీ తిప్పేసినా ఆగదు. అలా జరిగితే మాన్యువల్ గేర్ బండిలో బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, పై గేరు వేసి, క్లచ్ వదిలి ఇంజన్‌ని ఆపేయాలి. అలా ఆగకపోతే జనాన్ని దించి దూరం జరగండి. గాలి పైపుకి అరచెయ్యి అడ్డం పెట్టే సాహసం చేయొద్దు.

7. శుభ్రం చేయడం

రబ్బరు పైపులు: సబ్బు నీళ్లు, బ్రష్. రెండు మూడు సార్లు కడిగి, మంచి నీళ్లతో జాడించి, వేలాడదీసి ఆరనివ్వండి. వానాకాలంలో ఫ్యాను కింద రాత్రంతా పెట్టండి, మడతల్లో నీళ్లు ఉండిపోతాయి. పెట్రోల్ పోసి కడగొద్దు, నిప్పు ప్రమాదం, పైగా రబ్బరు ఉబ్బిపోతుంది.

త్రాటిల్ బాడీ (పెట్రోల్): ఇగ్నిషన్ ఆపి, కీ తీసేయండి. స్ప్రేని గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో రెక్క రెండు వైపులా, అంచులూ తుడవండి. లోపలికి స్ప్రే గుమ్మరిస్తే అదంతా మానిఫోల్డ్‌లో నిలుస్తుంది. ఎలక్ట్రానిక్ త్రాటిల్ రెక్కని ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వేలితో తోయకండి, గేర్లు పాడవుతాయి, వేలు కూడా నలుగుతుంది. తుడిచాక మొదటి కొద్ది నిమిషాలు ఐడిలింగ్ అటూ ఇటూ అవుతుంది. కొన్ని బండ్లకి స్కానర్ పెట్టి మళ్లీ సెట్ చేయాల్సి వస్తుంది.

గాలి కొలిచే సెన్సార్‌ని గుడ్డతో ముట్టుకోవద్దు. దానికి వేరే స్ప్రే దొరుకుతుంది, అది కొట్టి ఆరనివ్వడమే.

ఇంటర్‌కూలర్: బాగా ఆయిల్ పట్టి ఉంటే విప్పించి కిరసనాయిలుతో కడిగిస్తారు. కడిగాక సబ్బు నీళ్లు, ఆ తర్వాత పూర్తిగా ఆరబెట్టడం తప్పనిసరి. లోపల కిరసనాయిలు మిగిలితే పైన చెప్పిన ప్రమాదమే మీరు చేతులారా తెచ్చుకున్నట్టు.

డీజిల్ మానిఫోల్డ్‌లో పట్టిన నల్ల మడ్డి, ఈజీఆర్ (కాలిన పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి వచ్చే మసి ఈ ఆయిల్‌తో కలిసి గట్టిపడిందే. అది ఇంటి దగ్గర పని కాదు. నడుస్తున్న డీజిల్ ఇంజన్‌లోకి గాలి పైపు గుండా ఏ స్ప్రే కూడా కొట్టకండి, ఎవరు చెప్పినా సరే. విప్పి గీకించడమే పద్ధతి.

డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ బండ్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది, వాల్వ్‌ల వెనక తడపదు, అందుకని అక్కడ కార్బన్ పేరుకుంటుంది. ట్యాంకులో పోసే సీసాల మందు అక్కడికి చేరనే చేరదు, డబ్బు దండగ.

8. బిగించడం

ఫొటోలు చూస్తూ పెట్టండి. క్లాంపు సడలినట్టు అనిపిస్తే కొత్తది వేయండి. ప్లాస్టిక్ ముక్కు మీద క్లాంపుని బలం చూపించి బిగించకండి. టర్బో తర్వాతి పైపుల అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి, ఎవరినైనా కొంచెం రేజ్ చేయమని బుడగలు వస్తున్నాయేమో చూడండి. చివరికి ఒకసారి వెతకండి: గుడ్డ ముక్క, విప్పిన స్క్రూ, టిష్యూ ఏదీ పైపులో ఉండిపోకూడదు.

9. పని అయిందో లేదో ఎలా తెలుస్తుంది

అదే రోజు తేలదు. పైపులు తుడిచి పొడి చేశారు కాబట్టి ఇప్పుడే ఆయిల్ లెవెల్, కిలోమీటర్ల రీడింగు రాసి పెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్లయ్యాక అదే చోట బండి పెట్టి, అదే పద్ధతిలో లెవెల్ చూడండి. బ్రీదర్ పైపు విప్పి తెల్ల టిష్యూని లోపల ఒక చుట్టు తిప్పండి. టిష్యూ మీద పసుపు గోధుమ రంగు మరక పడితే మామూలు. టిష్యూ తడిసి చుక్క కారితే సమస్య అక్కడే ఉంది.

పొగ కూడా చూడండి. మనకి ఘాట్ రోడ్లు లేవు, ఇంజన్‌కి బరువు పడేది గోదావరి వంతెనల అప్రోచ్‌లు ఎక్కేటప్పుడే. వెనక బండిలో ఎవరినైనా రమ్మని సిద్ధాంతం వంతెన కానీ చించినాడ వంతెన కానీ థర్డ్ గేర్‌లో ఎక్కి, దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదిలేసి, మళ్లీ తొక్కండి. తొక్కగానే నీలం పొగ వస్తే వాల్వ్ సీళ్లు చూపించాలి. ఎక్కేటప్పుడు ఆగకుండా నీలం పొగే వస్తే రింగుల అనుమానం బలపడుతుంది.

ఇవి మాత్రం చేయొద్దు

బ్రీదర్ పైపు పీకి కిందికి వేలాడదీసి, పీకిన చోట బిరడా కొట్టి పంపించే అలవాటు మన షెడ్లలో బాగా ఉంది. ఇంటేక్ పొడిగా ఉంటుంది, నిజమే. కానీ ఆ ఆవిరి క్యాబిన్‌లోకి వస్తుంది, వరద నీళ్లలో పోతే ఆ గొట్టం గుండానే నీళ్లు ఇంజన్‌లోకి పోతాయి, కాలుష్య నియమాలకీ విరుద్ధం. దీనికంటే ఘోరం బ్రీదర్‌కే బోల్టు దిగ్గొట్టి మూసేయడం. ఒత్తిడి ఎటూ పోలేక గేజ్ రాడ్‌ని పైకి తన్నుతుంది, క్రాంక్ వెనక సీల్ లీకవుతుంది, ఆ సీల్ మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి.

ఆయిల్ తాగుతోందని చిక్కటి గ్రేడు పోసేయడం ఇంకో తప్పు. కొత్త ఇంజన్లకి పుస్తకంలో చెప్పిన గ్రేడే పోయాలి, డీపీఎఫ్ ఉన్నవాటికి దానికి సరిపడే రకమే పోయాలి.

క్యాచ్ క్యాన్ (బ్రీదర్ దారిలో ఆయిల్‌ని పట్టే డబ్బా) పెట్టించమంటారా అని చాలామంది అడుగుతున్నారు. మామూలు పెట్రోల్ బండికి అక్కర్లేదు. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ బండికి కొంత మేలు ఉండొచ్చు, కానీ మన తేమకి ఆ డబ్బాలో ఆయిల్ కంటే నీళ్లే ఎక్కువ చేరతాయి. ఖాళీ చేయడం మర్చిపోతే అదే అడ్డంకి అవుతుంది. పెట్టిస్తే రెండు వైపులా పైపు ఉన్న మూసిన రకమే పెట్టించండి. వారంటీలో ఉన్న బండికి ముందు కంపెనీని అడగండి.

ఇవన్నీ చేసినా ఆయిల్ వస్తుంటే

అప్పుడు షెడ్డుకి వెళ్లండి, కానీ "హాఫ్ ఇంజన్ ఎంతవుతుంది" అని మొదలుపెట్టకండి. "అన్నా, ముందు నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ కొట్టి, రీడింగులు కాగితం మీద రాసివ్వు" అని అడగండి. కంపెనీ చెప్పిన అంకెతో పోల్చండి, సిలిండర్‌కీ సిలిండర్‌కీ మధ్య తేడా చూడండి. పెట్రోల్ బండిలో ఏదైనా సిలిండర్ తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టమనండి. రీడింగు బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వ్‌లు లేదా గ్యాస్కెట్. డీజిల్‌లో ఈ ఆయిల్ పోసే పరీక్ష వద్దు, దానికి గాలి ఎక్కించి ఎక్కడ లీకవుతుందో వినే లీక్‌డౌన్ పరీక్ష చేయించండి. గాలి ఆయిల్ క్యాప్ నుంచి వస్తే రింగులు, సైలెన్సర్ నుంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఎయిర్ ఫిల్టర్ వైపు వస్తే ఇంటేక్ వాల్వ్, రేడియేటర్‌లో బుడగలు వస్తే గ్యాస్కెట్.

అన్ని సిలిండర్లూ సమంగా, సరైన అంకెలో ఉంటే ఇంజన్ విప్పనివ్వకండి. ఆయిల్ సెపరేటర్ విప్పించి చూపించండి. సెపరేటర్ టాపెట్ కవర్ లోపల ఉండే బండ్లలో బయటి పైపులు ఎన్నిసార్లు కడిగినా లోపలి జల్లెడ పూడే ఉంటుంది, దాన్ని కవర్ విప్పితే తప్ప చూడలేం. కవర్ ఎలాగూ విప్పుతారు కాబట్టి గ్యాస్కెట్ కొత్తది ముందే కొని తీసుకెళ్లండి, పాతదాన్నే గమ్ము రాసి పెట్టనివ్వకండి.